రౌద్రము నుండి భయానకమునకు

సికింద్రాబాదు నుండి అల్వాల్, హకీంపేట, తూంకుంటల మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి శామీర్‌పేట చెరువును సమీపించునప్పటికి, ఒక తరము క్రిందట ద్రాక్షతోటలును జొన్నచేలును మాత్రమే కానవచ్చిన నేలమీద నేడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమును, 2008లో వెలసిన బిట్స్ పిలానీ ప్రాంగణమును, జీనోమ్ వ్యాలీ ఔషధ పరిశోధనాలయములును చూపరుల దృష్టిని ఆకర్షించుచున్నవి; దానికి పడమటగా 44వ జాతీయ రహదారిని ఆనుకొనియున్న మేడ్చల్ సైతము, 2016లో ఒక జిల్లాకు తన పేరిచ్చి, 2023 నుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లకు తుది స్టేషనై, పల్లె యని గాని పట్టణమని గాని తేల్చి చెప్పరాని సంధిదశలో నున్నది. ఆ రైళ్లలో చెవులకు తీగలు తగిలించుకొని కూర్చున్న యువకులలో పెక్కుమంది సినిమా పాటలే వినుచుందురు. కాని వారి నడుమ అక్కడక్కడ ఒకడు, నల్లచొక్కా తొడిగి, ఎవరితోను మాటాడక, కనులు మూసికొని వేరొక సంగీతమును వినుచుండును. అది ఇంటిలో పెద్దల చెవిని బడినప్పుడు "ఏమిటిరా ఈ గోల?" అనిపించుకొనుటయే గాని, ఆ గోలకు ఒక వంశచరిత్ర యున్నదనియు, ఒక వ్యాకరణ మున్నదనియు, మన ఆలంకారికులు నిరూపించిన రసములలో దానికి ఉచితమైన స్థానమే యున్నదనియు ఆ పెద్దలకు చెప్పినవారు లేరు. వారి కొరకే ఈ వ్యాసము.

విషయ మిది. 'మెటాలిక్ హార్డ్‌కోర్' అను కఠినమైన సంగీతరీతిని ఇరువది, ముప్పది యేండ్లు వాయించి పేరు గడించిన బృందములు కొన్ని, తల నెరసిన పిమ్మట, 'బ్లాకెండ్ థ్రాష్' అను మరింత వేగమును మరింత చీకటియు గల రీతివైపు మరలినవి. ఈ జాతి కఠినసంగీతము మన హైదరాబాదున లేకపోలేదు. 2015లో ఇక్కడ రూపొందిన గాడ్‌లెస్ బృందము దేశమంతట వినికిడి గలది. కాని వారిది డెత్ మెటల్ శాఖ. హార్డ్‌కోర్‌లో పుట్టి, అందులోనే పెరిగి, పిమ్మట నలుపు నాశ్రయించిన బృందమును చూడవలెనన్నచో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ఈరీ సరస్సు దక్షిణతీరము నందున్న క్లీవ్‌లాండ్ నగరమునకు పోవలసియున్నది.

క్లీవ్‌లాండ్ ఉక్కుతో బ్రతికిన నగరము. దాని నడుమ ప్రవహించు కయహోగా నదిలో నూనెమడ్డియు కర్మాగారముల మురుగును ఎంతగా పేరుకొన్నవనగా, 1969 జూన్ 22న ఆ నదియే నిప్పంటుకొని మండినది. 1950లో 9 లక్షలకు మించియున్న జనసంఖ్య 1990 నాటికి 5 లక్షల చేరువకు దిగజారినది. మేడ్చల్ చుట్టును ఏటేట కొత్త షెడ్లు లేచుచుండుట చూచుచున్న మనకు, షెడ్లు ఒక్కొక్కటిగా మూతపడుచుండగా ఆ వీథులలో పెరిగిన పిల్లల మనఃస్థితిని ఊహించుట కొంత కష్టమే. అట్టి పిల్లలే 1988లో ఇంటెగ్రిటీ అను బృందమును, 1991లో రింగ్‌వర్మ్ అను బృందమును నెలకొల్పినారు.

హార్డ్‌కోర్ అనగా నేమి? 1970వ దశాబ్దపు నడిమిభాగమున బ్రిటన్‌లోను న్యూయార్కులోను చెలరేగిన పంక్ సంగీతమును అమెరికా కుర్రవాండ్రు చేపట్టి, దాని వేగమును ఇనుమడింపజేసి, అలంకారములను ఊడబెరికి, నిమిషమో రెండు నిమిషములో నిలుచు పాటగా కుదించిరి. బ్లాక్ ఫ్లాగ్, మైనర్ థ్రెట్, బ్యాడ్ బ్రెయిన్స్ మొదలగు బృందము లాద్యులు. అందు పాడువానికిని వినువానికిని నడుమ వేదిక యను అంతరము నామమాత్రము. వినువాడు ముందుకు దూకి గాయకుని చేతిలోని మైకును లాగుకొని తానే పాడును. పాటలోని మాట ఎప్పుడును ఎదుటివానిని ఉద్దేశించినది: నమ్మకద్రోహము చేసిన మిత్రునిని, దండించు పోలీసును, ఊపిరాడనీయని ఊరిని. 1980వ దశాబ్దపు నడిమిభాగమున ఈ రీతి, మెటల్ అను బరువైన గిటారుమ్రోత గల రాక్ శాఖ యొక్క వాద్యనైపుణ్యముతో కలిసినది. న్యూయార్కునకు చెందిన క్రో-మాగ్స్ 1986లో 'ది ఏజ్ ఆఫ్ క్వారెల్' అను రికార్డును వెలువరించినారు. ఆ బృందమున ముఖ్యులు హరేకృష్ణ భక్తులగుటచే, ఆ పేరుతో వారు సూచించినది మన కలియుగమునే యని తెలిసినప్పుడు మనకు సంతోషముగా నుండును. ఆ సంవత్సరమే అక్టోబరు 7న స్లేయర్ బృందమువారి 'రెయిన్ ఇన్ బ్లడ్' వెలువడినది. పది పాటలు, అన్నియు కలిసి 29 నిమిషములు. మెటల్‌లో మిక్కిలి వేగము గల థ్రాష్ అను శాఖ వాద్యకారులు హార్డ్‌కోర్ క్లుప్తతను నేర్చిన రికార్డది. దానిని విని పెరిగిన హార్డ్‌కోర్ కుర్రవాండ్రు మెటల్ క్రౌర్యమును నేర్చిరి.

ఇంటెగ్రిటీ 1991లో వెలువరించిన మొదటి పెద్ద రికార్డు 'దోజ్ హూ ఫియర్ టుమారో' ఈ కలయికకు తొలి గొప్ప ఫలములలో ఒకటి. ఆరన్ మెల్నిక్ గిటారు థ్రాష్ భాషలో మాటాడును; డ్విడ్ హెలియన్ కంఠము మాత్రము వీథిలో నిలిచి అరచువానిది. 1995లో 'సిస్టమ్స్ ఓవర్‌లోడ్', ఆ మరుసటి యేట 'హ్యుమానిటీ ఈజ్ ది డెవిల్' వచ్చినవి. అప్పటికే హెలియన్ మాటలలో వీథి మెల్లమెల్లగా మరుగుపడి, ప్రళయము, శాపము, అంత్యతీర్పు అను భావములు చోటుచేసికొనుచున్నవి. 1960వ దశాబ్దమున లండనులో పుట్టిన ప్రాసెస్ చర్చి యను విచిత్ర మతశాఖ వ్రాతలను అతడు శ్రద్ధగా చదివినాడు. కనుక ఈ బృందము మరలినదని మనమనుచున్న మలుపు ఆకస్మికము కాదు. దాని విత్తనము తొలినాళ్లలోనే పడియున్నది.

ఇక బ్లాకెండ్ థ్రాష్ వంశము. లండనులో 1975లో పుట్టిన మోటర్‌హెడ్ దీనికి తాతగారు. న్యూకాసిల్ నుండి వచ్చిన ముగ్గురు కుర్రవాండ్రు, వెనమ్ అను పేర, 1982లో 'బ్లాక్ మెటల్' అను రికార్డు చేసినారు; తరువాత ఆ పేరే ఒక శాఖకు నిలిచినది. వాద్యము మోటు, ధ్వనిముద్రణము మురికి, వేషము పైశాచికము, కాని ఆ మోటుదనమున ఎవరును అంతకుముందు వినని యొక చలి యున్నది. దానిని విని స్వీడనులో బాథరీ, స్విట్జర్లాండులో హెల్‌హామర్, జర్మనీలో సోడమ్ బయలుదేరినవి. 1996లో నార్వేకు చెందిన ఆరా నోయిర్ తమ రికార్డునకు 'బ్లాక్ థ్రాష్ అటాక్' అని పేరుపెట్టునప్పటికి ఈ శాఖకు నామకరణము గూడ జరిగినట్లే యైనది. ఇచ్చట గమనింపదగిన దేమనగా, ఆ వెనమ్, ఆ బాథరీ విన్న సంగీతమునే, అనగా మోటర్‌హెడ్‌నే, హార్డ్‌కోర్ మూలపురుషులును విన్నారు. బ్రిటన్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్‌కు చెందిన డిశ్చార్జ్ అను పంక్ బృందము వాయించిన ఒక తాళము, 'ధుమ్, టక్, ధుధుమ్, టక్' అని సాగునది, ఆ బృందము పేరిటి తొలి అక్షరముతోనే డి-బీట్ అనబడుచు, ఇరువంశముల వారికిని ఉమ్మడి ఆస్తియైనది. మన బోనాల ఊరేగింపులో డప్పు తీన్‌మారు అందుకొన్నప్పుడు ప్రక్కన ఊరక నిలుచున్న వాని కాలు తనకు తెలియకుండనే కదలునట్లు, ఈ తాళము వినగానే ఆ సంగీతము తెలిసినవాని మెడ కదలును.

వాద్యకారుని కుడిచేతిని దగ్గరగా చూచినచో ఈ మలుపు కంటికి గూడ కనిపించును. థ్రాష్ వాయించువాడు అరచేతి అంచును గిటారు బ్రిడ్జికి చేరువగా తంత్రుల మీద ఆనించి, పిక్‌ను ఎక్కువగా పైనుండి క్రిందికే కొట్టుచుండును; తంత్రి పూర్తిగా మ్రోగక, గొంతు నొక్కిపట్టినట్లు, తెగితెగి పలుకును. హార్డ్‌కోర్ వారికి ఇదియే ప్రాణము. ఆ తెగిన దెబ్బలు డ్రమ్ములతో కలిసి హఠాత్తుగా సగము వేగమునకు దిగునప్పుడు, దానిని 'బ్రేక్‌డౌన్' అందురు, సభలోని వారందరు ఒకరినొకరు త్రోసికొనుచు చిందులు వేయుదురు. బ్లాకెండ్ రీతిలో ఆ అరచేయి తంత్రుల మీదినుండి లేచును. పిక్ క్రిందికిని పైకిని క్షణమాగక వణకును. అడ్డులేని తంత్రి నిండుగా మ్రోగును. దెబ్బకును దెబ్బకును నడుమ సందు పూడిపోయి, కొట్టుట వినబడక, ఒక అవిచ్ఛిన్నమైన ధ్వనిప్రవాహము మాత్రమే వినబడును. దానిని ట్రెమొలో అందురు. డ్రమ్ములును అట్లే. డి-బీట్ స్థానమున 'బ్లాస్ట్ బీట్' వచ్చును. కాలిదెబ్బయు చేతిదెబ్బయు లెక్కకందని వేగమున కలిసిపోవును.

స్వరముల విషయమున మన శ్రోతకు మరింత పరిచితమైన సంగతి కలదు. షడ్జమునకు వెనువెంటనే శుద్ధ రిషభము, పిమ్మట సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, శుద్ధ ధైవతము, కైశికి నిషాదము: ఇవి 72 మేళకర్తలలో 8వదియగు హనుమతోడి స్వరస్థానములు. పాశ్చాత్యులు ఫ్రిజియన్ అనెడి ఈ వరుసయే థ్రాష్ రిఫ్పులలో, అనగా మరల మరల వచ్చు గిటారు పలుకులలో, పెక్కింటికి ఆధారము. తోడిని నాగస్వరమున గంటలకొలది విస్తరించు విద్వాంసుడు గమకములచేత ఆ స్వరములకు కలిగించు కారుణ్యమును గిటారువాదకుడు కలిగింపడు. అతడు గమకమును పూర్తిగా మాని, షడ్జ శుద్ధరిషభముల నడుమనున్న ఆ ఇరుకు సందునే మరల మరల గీరుచుండును. దానికి తోడు షడ్జమునకును ప్రతిమధ్యమమునకును గల అంతరమును పదేపదే మ్రోగించును. పంచమమున విశ్రాంతి దొరకునని చెవి ఎదురుచూచుచుండగా దానికి ఒక్క మెట్టు దిగువన ఆపివేయుటచే పుట్టు అశాంతియే ఈ సంగీతమునకు మూలధనము.

మా అన్నగారి కుమారుడు శామీర్‌పేటలో చదువుకొనుచున్నాడు. ఒక ఆదివారము మధ్యాహ్నము మేడ్చల్‌లోని మా ఇంటికి వచ్చి, భోజనమైన పిమ్మట, "బాబాయ్, ఎప్పుడూ రసాల గురించి చెబుతుంటారు కదా, ఈ రెండూ వినండి. ముందు ఇది, తర్వాత అది" అని ఇంటెగ్రిటీ 1991 నాటి రికార్డులోనిదొకటి, 2017 నాటి 'హౌలింగ్, ఫర్ ది నైట్‌మేర్ షల్ కన్స్యూమ్' నుండి యొకటి వినిపించినాడు. మొదటిది వినుచున్నంత సేపును నా కుడిచేయి బిగిసియుండెను. ఎవరినో నిలదీయవలెనని యనిపించినది. రెండవది మొదలైన కొంతసేపటికి ఆ పిడికిలి తానై వీడినది, వీపున చలి పుట్టినది, పట్టపగలే ఒకసారి గుమ్మమువైపు చూచితిని. "ఒక్క మనిషి గొంతేనా ఇది?" అని యడిగితిని. "ఒక్కరిదే బాబాయ్. మధ్యలో ఇరవై ఆరేళ్ళు" అన్నాడు.

ఈ భేదమును చెప్పుటకు పాశ్చాత్య విమర్శకుల మాటలకంటె భరతుని నాట్యశాస్త్రమే నాకు ఎక్కువ ఉపకరించినది. హార్డ్‌కోర్ రౌద్రరసము. దానికి స్థాయి క్రోధము, ఆలంబనము శత్రువు. ఆ శత్రువు ఎదుట నిలిచియుండవలెను, పేరు పెట్టి పిలువదగినవాడై యుండవలెను. భరతుడు రౌద్రమునకు చెప్పిన వర్ణము ఎరుపు, అధిదైవతము రుద్రుడు. ఇక భయానకమునకు వర్ణము నలుపు, అధిదైవతము కాలుడు. ఈ సంగీతమునకు నలుపును ముడిపెట్టిన న్యూకాసిల్ కుర్రవాండ్రు భరతుని పేరైనను విని యుండరు. అయినను రెండు దేశములలో, రెండు యుగములలో, ఒకే భావమునకు ఒకే రంగు కుదురుట యాదృచ్ఛికమని నేననుకొనజాలను. సాత్త్వికభావములను చూడుడు. స్తంభము, అనగా కాలుసేతు లాడకపోవుట: డి-బీట్‌కు ఆడిన దేహము బ్లాస్ట్ బీట్‌కు కదలలేక నిలిచిపోవుచున్నది. వేపథువు, అనగా కంపము: ట్రెమొలో గిటారు చేయుచున్న దదియే. స్వరభేదము, అనగా గొంతు మారుట: హెలియన్ కంఠమున వాక్కు పగిలి అరపుగా మిగులుట మరేమి? వాద్యకారులు మార్చుకొన్నది వేగమును కాదు, రసమును.

రసము మారుటకు కారణ మేమి? ధనమని కొందరందురు. ఈ శాఖకు గల శ్రోతలు మిక్కిలి తక్కువ గనుక ఆ మాటలో సారము లేదు. ఇరువది యేండ్లవానికి శత్రువు వీథిలో కనబడును; హెలియన్ ఆ వీథిని విడిచి బెల్జియమున స్థిరపడినాడు, తొలినాటి సహచరులు ఒక్కొక్కరు తొలగిపోయిరి, వారి స్థానమున డొమినిక్ రోమియో వంటి తరువాతి తరము వాద్యకారులు చేరినారు. నిలదీయుటకు ఎదుట మనిషి లేనప్పుడు మిగులునది కాలుడే. నడివయస్సు దాటిన ఏ గృహస్థునకైనను ఇది అనుభవైకవేద్యము. రాత్రి మెలకువ వచ్చినప్పుడు మనకు కలుగునది కోపము కాదు.

2017 జులైలో రిలాప్స్ సంస్థ వెలువరించిన ఆ 'హౌలింగ్' రికార్డు వద్ద కొంతసేపు ఆగవలెను. దానిలో ఒక పాట పేరు '7 రీస్ మ్యూస్'. అది ఫ్రాన్సిస్ బేకన్ అను చిత్రకారుడు 1961 నుండి మరణించు వరకు, అనగా 1992 వరకు, లండనులో నివసించిన ఇంటి చిరునామా. నోరు తెరచి అరచుచున్న పోపులను, మాంసఖండముల వలె వికృతమైన దేహములను చిత్రించిన బేకన్ బీభత్సరసమునకు ఆధునికాచార్యుడు. ఆయన చిత్రశాలను తరువాత దుమ్ముతో సహా డబ్లిన్ నగరపు హ్యూ లేన్ చిత్రశాలకు తరలించి భద్రపరచినారు. బీభత్సము నుండి భయానకము పుట్టునని భరతుడు చెప్పియున్నాడు. మరియొక పాట సబ్బతాయ్ జెవిని గూర్చినది. స్మిర్నా నగరమున 1626లో పుట్టిన ఈ యూదుడు తానే రావలసిన రక్షకుడనని ప్రకటించుకొనగా, యూదులు దేశదేశములలో ఇల్లు వాకిళ్లు అమ్ముకొని ఎదురుచూచిరి; 1666లో ఆటోమన్ సుల్తాను సమ్ముఖమున ప్రాణభయముచే అతడు మతము మార్చుకొనెను. నమ్మిన లక్షలమంది ఏమైపోవలెను? ఆ ప్రశ్నలో రౌద్రము లేదు. ఈ రికార్డులో రోమియో గిటారు, వేగము మధ్య నుండి ఉన్నట్లుండి పైకెగసి, దీర్ఘమైన రాగరేఖగా ఏడ్చును. తొలినాటి ఇంటెగ్రిటీలో లేని ఆ శోకము వినినప్పుడు, రౌద్రము నుండి కరుణము పుట్టునన్న సూత్రము గూడ స్మరణకు వచ్చును. మరుసటి యేడు వారు క్రీగ్ అను అమెరికన్ బ్లాక్ మెటల్ బృందముతో ఒకే రికార్డును పంచుకొని, తాము చేరదలచిన బంధువర్గ మేదో దాచక చెప్పినారు.

రింగ్‌వర్మ్ ప్రయాణము ఇంత దూరము పోలేదు. వృత్తిరీత్యా పచ్చబొట్లు పొడుచు హ్యూమన్ ఫర్నెస్ అను గాయకుని కంఠమే 1993 నాటి 'ది ప్రామిస్' నుండి 2023 నాటి 'సీయింగ్ త్రూ ఫైర్' వరకు వారికి ఆధారము. నడుమ 2014లో 'హామర్ ఆఫ్ ది విచ్', 2016లో 'స్నేక్ చర్చ్' వెలువడునప్పటికి గిటారులు పూర్తిగా థ్రాష్ పక్షమున నిలిచి, పేర్లలోను చిత్రములలోను చీకటి చిక్కబడినది. అయినను వారిలో రౌద్రము అణగలేదు. నలుపు పైపూతగానే యున్నది. నాకు ఇంటెగ్రిటీ మీదనే పక్షపాతము.

ఎదురు దిక్కునుండి వచ్చినవారును కలరు. 1992లో 'ఎ బ్లేజ్ ఇన్ ది నార్తర్న్ స్కై'తో నార్వే బ్లాక్ మెటల్‌కు పునాది వేసిన డార్క్‌థ్రోన్, 2006 నాటి 'ది కల్ట్ ఈజ్ అలైవ్'తో బాహాటముగా పంక్ వైపు మరలినది. స్లేయర్ సైతము 1996లో తమ బాల్యమునాటి హార్డ్‌కోర్ పాటలతో ఒక రికార్డును నింపి గురుదక్షిణ చెల్లించుకొనినారు. హార్డ్‌కోర్ వారు నలుపునకు, నలుపువారు పంక్‌నకు, ఎదురెదురుగా నడచుచు మోటర్‌హెడ్ ఇంటి ముంగిట కలిసికొనినట్లున్నది.

తలిదండ్రులు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. నార్వేలో ఈ సంగీతపు మనుషులు చర్చిలను తగులబెట్టలేదా, హత్యలు చేయలేదా అని. చేసినారు. 1992 జూన్ 6న బెర్గెన్ సమీపమున ఫాంటాఫ్ట్ నందలి ప్రాచీనమైన చెక్కచర్చి భస్మమైనది. 1993లో మేహెమ్ బృందపు గిటారువాదకుడు సాటి సంగీతకారుని చేతిలో హతుడైనాడు. అవి నేరములు, వానికి కళ పేరిట మన్నన అక్కరలేదు. రసమనునది విభావమును నటనయందు నిలిపి, సామాజికునకు హాని కలుగకుండ అనుభవమును మాత్రమే అందించునది. రంగస్థలము మీది కీచకవధను చూచి చప్పట్లు కొట్టిన ప్రేక్షకుడు ఇంటికి పోయి ఎవరి మెడయు విరువడు. ఆ నార్వే యువకులు రంగస్థలమును దాటినారు. క్లీవ్‌లాండ్ వృద్ధులు రంగస్థలము మీదనే నిలిచి, ఇరువది యేండ్లనాటి తమ కోపమును వేదిక మీదనే భయముగా పండించినారు. మీ యబ్బాయి వినుచున్నది ఈ రెండవవారిని గాని, వారి వంటివారిని గాని కావచ్చును. అతని ప్రక్కన కూర్చుండి అడుగుడు, కోపగింపకుడు.

వినదలచిన పెద్దలకు ఒక క్రమము చెప్పెదను. మొదట 'రెయిన్ ఇన్ బ్లడ్', అరగంటలో ముగియును. పిమ్మట 'దోజ్ హూ ఫియర్ టుమారో'. అటుపై ఒకటి రెండు దినములు విడిచి 'హౌలింగ్'. అదియు నచ్చినచో మన హైదరాబాదు గాడ్‌లెస్ వారి 2018 నాటి 'స్వార్మ్', 2021 నాటి 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' వినుడు. శాఖ వేరైనను థ్రాష్ నెత్తురు అందును పారుచున్నది. ధ్వనిని మితముగానే యుంచుడు. తొలిపర్యాయము గాయకుని కంఠమును పూర్తిగా విడిచిపెట్టి గిటారును మాత్రమే అనుసరించి, అరచేయి తంత్రుల మీద నున్నదో లేచినదో పోల్చుకొనుడు. మలిపర్యాయము డ్రమ్ములను పట్టుకొని, డి-బీట్ ఎక్కడ తెగి బ్లాస్ట్ బీట్ ఎక్కడ అందుకొన్నదో గుర్తింపుడు. కంఠము మూడవసారి వినునప్పటికి తానే దారికి వచ్చును.